కొత్త కంప్యూటర్‌కి మారేటప్పుడు వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌గ్రేడ్ చేయడం ఎలా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి పైది కావాలి. దాంతో ఇన్నేళ్లు బాగానే నడిచిన సిస్టమ్‌ను పక్కనపెట్టి కొత్తది కొనాల్సిన పరిస్థితి చాలామంది ఎడిటర్లకు వచ్చింది.

కొత్త సిస్టమ్ ఇంటికి రాగానే ఎక్కువమంది చేసే పని ఒకటే. అడోబీ సాఫ్ట్‌వేర్లను దింపే క్రియేటివ్ క్లౌడ్ యాప్ వేసి, అందులో ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పక్కనున్న ఇన్‌స్టాల్ బటన్ నొక్కేస్తారు. అలా నొక్కితే దిగేది సరికొత్త వెర్షన్. పాత ప్రాజెక్ట్ తెరవగానే కన్వర్ట్ చేయాలా అని అడుగుతుంది, సరే అంటారు. అంటే ఒక్క పూటలో కంప్యూటర్, విండోస్, గ్రాఫిక్స్ కార్డ్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ నాలుగూ మారిపోయాయి. ఆ తర్వాత టైమ్‌లైన్ ఆగిపోయినా, రంగులు తేడాగా కనిపించినా కారణం ఎక్కడుందో తేల్చడం చాలా కష్టం. రేపు డెలివరీ ఉందంటే ఇక ఆ టెన్షన్ చెప్పనక్కర్లేదు.

అందుకే నా సలహా: ముందు పాత వెర్షన్‌తోనే కొత్త కంప్యూటర్‌కి మారండి. అంతా సరిగ్గా నడుస్తోందని తేలాక అప్‌గ్రేడ్ చేయండి. ఇక్కడ ప్రీమియర్ ప్రోనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. డావిన్సీ రిజాల్వ్ అనే మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు కావాల్సిన సంగతులు చివర్లో ఉన్నాయి.

పాత కంప్యూటర్ దగ్గరే సగం పని

హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కి, మీరు వాడుతున్న వెర్షన్ నంబర్ పూర్తిగా రాసుకోండి. "2023" అని ఏడాది ఒక్కటే రాసుకుంటే చాలదు, చుక్కల తర్వాతి అంకెలు కూడా కావాలి. తర్వాత చేతిలో ఉన్న పనులను చూసుకోండి. వారం పది రోజుల్లో ఇవ్వాల్సినవి ఉంటే వాటిని పాత సిస్టమ్‌లోనే ముగించండి. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో మారకపోవడమే మంచిది.

ఇప్పుడు ఫైళ్ల సంగతి. షూటింగ్ ఫుటేజ్ ఎక్కడుందో అందరికీ తెలుసు, అది దాదాపుగా పోదు. పోయేవన్నీ చిన్నచిన్నవే. పెళ్లికూతురి అన్నయ్య వాట్సాప్‌లో పంపిన పాట డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటుంది. అక్కడి నుంచే టైమ్‌లైన్ మీదకు లాగేసి ఉంటారు. స్టూడియో లోగో డెస్క్‌టాప్ మీద ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ సౌండ్ ఎప్పుడో పెట్టిన పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. ప్రీమియర్ ప్రాజెక్ట్ ఫైల్‌లో వీడియోలు గానీ పాటలు గానీ ఉండవు, అవి ఏ ఫోల్డర్‌లో ఉన్నాయన్న చిరునామాలు మాత్రమే ఉంటాయి. కొత్త సిస్టమ్‌లో ఆ చిరునామాలో ఫైల్ లేకపోతే తెర మీద మీడియా ఆఫ్‌లైన్ అనే ఎర్ర పలక కనిపిస్తుంది.

దీనికి ప్రీమియర్‌లోనే మార్గం ఉంది. ఫైల్ మెనూలో ప్రాజెక్ట్ మేనేజర్ తెరిచి, కావాల్సిన సీక్వెన్సులకు టిక్ పెట్టి, "కలెక్ట్ ఫైల్స్ అండ్ కాపీ టు న్యూ లొకేషన్" ఎంచుకోండి. ఎక్కడెక్కడో ఉన్న ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లోకి చేరతాయి. ఇంకా నడుస్తున్న ప్రాజెక్టులకూ, క్లయింట్లు మళ్లీ మార్పులు అడిగే అవకాశం ఉన్నవాటికీ తప్పకుండా ఇలా చేయండి. "మా బాబాయి వాళ్ల ఫోటో పడలేదండీ" అని ఆల్బమ్ అందిన నెలల తర్వాత కూడా ఫోన్ వస్తుందని ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు. ఒక జాగ్రత్త ఉంది. డైనమిక్ లింక్ (రెండు అడోబీ సాఫ్ట్‌వేర్లను కలిపే సౌకర్యం) ద్వారా ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చిన కంపోజిషన్లను ప్రాజెక్ట్ మేనేజర్ కాపీ చేయదు. ఆ ప్రాజెక్ట్ ఫైళ్లనూ, అందులో వాడిన బొమ్మలనూ మీరే విడిగా తీసుకోవాలి.

మీ అలవాట్లను కూడా వెంట తీసుకెళ్లాలి. కంట్రోల్, ఆల్ట్, కె మూడూ కలిపి నొక్కితే కీబోర్డ్ షార్ట్‌కట్స్ తెరుచుకుంటాయి. మీ లేఅవుట్‌ను ఒక పేరుతో సేవ్ చేయండి. డాక్యుమెంట్స్‌లోని అడోబీ ఫోల్డర్‌లో, మీ వెర్షన్ పేరుతో ఉన్న ప్రొఫైల్ ఫోల్డర్ లోపల ఆ ఫైల్ దొరుకుతుంది. మీరు తయారుచేసుకున్న ఎఫెక్ట్ ప్రీసెట్లను ఎఫెక్ట్స్ ప్యానెల్‌లో సెలెక్ట్ చేసి ఎక్స్‌పోర్ట్ చేయండి. లట్ ఫైళ్లు (వీడియో రంగుల తీరును మార్చేవి), టైటిల్ టెంప్లేట్లు, ఆటో సేవ్ ఫోల్డర్ కూడా కాపీ చేయండి. ప్లగిన్ల విషయంలో ఫోల్డర్ కాపీ చేస్తే సరిపోదు. వాటి ఇన్‌స్టాలర్లు, లైసెన్స్ కీలు, అవి వచ్చిన ఈమెయిళ్లు వెతికి ఒకచోట పెట్టుకోండి.

మీడియా కాష్‌ను, అంటే ప్రీమియర్ తన కోసం తయారుచేసుకునే తాత్కాలిక ఫైళ్లను మాత్రం కాపీ చేయొద్దు. వందల జీబీలు ఉన్నా అది పనికిరాని బరువే, కొత్త సిస్టమ్‌లో దానంతటదే తయారవుతుంది.

ఇక లైసెన్స్. ప్రీమియర్ వ్యక్తిగత సబ్‌స్క్రిప్షన్ రెండు కంప్యూటర్లలో యాక్టివ్‌గా ఉండొచ్చు, కానీ ఒకేసారి రెండింట్లో వాడకూడదు. కాబట్టి మారే కొద్ది రోజులూ పాతదాన్ని అలాగే ఉంచుకోవచ్చు. పెళ్లి వీడియోలు చేసేవాళ్లలో ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడకం ఎక్కువ. అలా ఒకేసారి డబ్బు కట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, పాత సిస్టమ్‌లో లైసెన్స్ డీయాక్టివేట్ చేయనిదే హార్డ్ డిస్క్ ఫార్మాట్ కొట్టొద్దు. కొట్టేశాక కొత్తదాంట్లో కీ పనిచేయకపోతే కంపెనీ సపోర్ట్ చుట్టూ తిరగాలి.

క్రాక్ వెర్షన్ వాడుతున్నవాళ్లకు ఒక మాట. కొత్త కంప్యూటర్‌లోకి దాన్ని మాత్రం తేకండి. క్రాక్ నడవాలంటే యాంటీవైరస్‌ను ఆపేయమంటారు. క్లయింట్ల కుటుంబ ఫోటోలు, మీ బ్యాంక్ లాగిన్లు ఉన్న మెషీన్‌లో ఆ పని ప్రమాదం. డబ్బు పెట్టలేకపోతే రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఉంది, వృత్తి పనికి చాలావరకు సరిపోతుంది.

కాపీ చేయడం

ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ ఉంటే మేలు. అది ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన క్లిప్ కాపీ కాదు, ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ చేసుకోండి. కాపీ అయ్యాక రెండు వైపులా ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి సైజు, ఫైళ్ల సంఖ్య పోల్చి చూడండి. కట్ పేస్ట్ చేయొద్దు. మధ్యలో కరెంటు పోతే ఏ ఫైల్ ఎటు ఉందో తెలియక తిప్పలు పడతారు.

కొత్త సిస్టమ్‌లో వరుసగా

మొదట విండోస్ అప్‌డేట్లు పూర్తిచేయండి. ఎన్‌విడియా కార్డ్ అయితే గేమ్ రెడీ డ్రైవర్ బదులు స్టూడియో డ్రైవర్ వేయండి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించి విడుదల చేసేది అదే. తర్వాత క్రియేటివ్ క్లౌడ్‌లో ప్రీమియర్ పక్కనున్న మూడు చుక్కల మెనూలో అదర్ వెర్షన్స్ చూడండి. మీరు రాసుకున్న నంబర్ గానీ దానికి దగ్గరి నంబర్ గానీ ఉంటే అదే వేయండి. బాగా పాత వెర్షన్లను అడోబీ ఆ జాబితాలో ఉంచదు. మీది లేకపోతే ఉన్నవాటిలో పాతది ఎంచుకోండి.

ప్రాజెక్ట్ తెరిచేముందు ఒక్క నిమిషం ఆగండి. పాత సిస్టమ్‌లో ఫుటేజ్ ఇ డ్రైవ్‌లో ఉండి, అదే హార్డ్ డిస్క్‌కు కొత్త సిస్టమ్ ఎఫ్ అని పేరు పెడితే క్లిప్పులన్నీ ఆఫ్‌లైన్ అయిపోతాయి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి "చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్" ద్వారా దానికి మళ్లీ ఇ ఇవ్వండి. ఫోల్డర్ల పేర్లు మార్చకుండా ఉంటే చాలు, ప్రాజెక్ట్ ఒక్క క్లిప్ కూడా అడగకుండా తెరుచుకుంటుంది. గంటల కొద్దీ రీలింక్ చేసే పని ఈ ఒక్క మార్పుతో తప్పుతుంది.

తెరిచాక ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లోని జనరల్‌లో రెండరర్ చూడండి, వీడియో పనిని గ్రాఫిక్స్ కార్డ్ (జీపీయూ) చేయాలా వద్దా అని తేల్చేది అదే. జీపీయూ యాక్సిలరేషన్ బదులు సాఫ్ట్‌వేర్ ఓన్లీ అని ఉంటే మీరు కొన్న ఖరీదైన కార్డ్ ఖాళీగా కూర్చున్నట్టే. ప్రిఫరెన్సెస్‌లో మీడియా కాష్‌ను వేగమైన ఎన్‌వీఎంఈ డ్రైవ్‌కి మార్చండి.

ఇంకా సిస్టమ్ కొననివాళ్లకు: ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో 10-బిట్ 4:2:2 (రంగుల వివరాలు ఎక్కువగా ఉండే) ఫుటేజ్ తీస్తుంటే ప్రాసెసర్ ఎంపిక ముఖ్యం. ఆ హెచ్.265 పద్ధతిలో కుదించిన ఫైళ్లను, ఇంటెల్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ 11వ తరం నుంచి హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ చేస్తుంది. ఎన్‌విడియాలో ఆ సౌకర్యం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో లోపలి గ్రాఫిక్స్ ఉండవు, అంటే క్విక్ సింక్ కూడా ఉండదు. కాస్త చవకగా వస్తుందని అది కొంటే టైమ్‌లైన్ ఈడుస్తుంది.

తెలుగు టైటిల్స్

మన దగ్గర ఎక్కువ తలనొప్పి ఇక్కడే వస్తుంది. అను ఫాంట్లలో టైప్ చేసిన టైటిల్స్ యూనికోడ్ కావు. కొత్త సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేకపోతే వధూవరుల పేర్ల స్థానంలో అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్‌తో పాటు, మీ యూజర్ పేరు కింద యాప్‌డేటా లోపల లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఫోల్డర్లు దాటాక ఇంకో ఫాంట్స్ ఫోల్డర్ ఉంటుంది. డబుల్ క్లిక్‌తో వేసిన ఫాంట్లు తరచూ అందులోనే ఉంటాయి, రెండూ వెతకండి.

మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు వాడేవాళ్లకు వేరే సమస్య. ఫాంట్ సరిగ్గానే ఉన్నా ఒత్తులు విడిపోయి "లక్ష్మి" కాస్తా "లక్‌ష్‌మి"లా ముక్కలై కనిపించవచ్చు. అప్పుడు ప్రిఫరెన్సెస్‌లోని గ్రాఫిక్స్‌లో టెక్స్ట్ ఇంజిన్ చూడండి. యూరోపియన్ అని ఉంటే సౌత్ ఏషియన్‌కు మార్చి, కొత్త టెక్స్ట్ లేయర్ చేసి చూడండి. కొత్త సిస్టమ్‌లో ఈ సెట్టింగ్ మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి పాత టైటిల్‌ను తాకేముందే మార్చుకోండి.

ఇప్పుడు అప్‌గ్రేడ్

ఒక పాత ప్రాజెక్ట్ తెరిచి, మొదటి నుంచి చివరి దాకా ప్లే చేసి, ఒక నిమిషం ముక్క ఎక్స్‌పోర్ట్ చేయండి. పాత సిస్టమ్‌లో చేసిన ఫైల్ పక్కన పెట్టి రంగు, ఆడియో, టైటిల్స్ పోల్చండి. అన్నీ ఒకేలా ఉంటే కొత్త వెర్షన్ వేసే సమయం వచ్చింది.

క్రియేటివ్ క్లౌడ్‌లో అప్‌డేట్ నొక్కినప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత వెర్షన్లను తొలగించమనే టిక్ ఉంటుంది. దాన్ని తీసేయండి. పాత సెట్టింగులను తెచ్చుకోమనే టిక్ ఉంచండి. రెండు వెర్షన్లూ పక్కపక్కనే హాయిగా నడుస్తాయి. ప్రాజెక్ట్ తెరవగానే కన్వర్ట్ చేయమని అడిగితే వేరే పేరు పెట్టి సేవ్ చేయండి, పేరులో వెర్షన్ నంబర్ కూడా చేర్చండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైల్‌ను పాత వెర్షన్ తెరవదు. మీతో కలిసి పనిచేసే వేరే ఎడిటర్ ఇంకా పాతదే వాడుతుంటే, ఇద్దరూ ఒకేసారి మారాలని ముందే మాట్లాడుకోండి. సగంలో ఉన్న ప్రాజెక్టును పాత వెర్షన్‌లోనే పూర్తిచేసి, కొత్త పనిని కొత్తదాంట్లో మొదలుపెట్టండి.

రిజాల్వ్ వాడేవాళ్లకు

రిజాల్వ్‌లో ప్రాజెక్టులు విడి ఫైళ్లుగా కాకుండా ఒక లైబ్రరీలో ఉంటాయి. 17వ వెర్షన్ దాకా దాన్నే డేటాబేస్ అనేవారు. కొత్త వెర్షన్ వేశాక లైబ్రరీని అప్‌గ్రేడ్ చేయమంటుంది. సరే అంటే అందులోని ప్రాజెక్టులన్నీ ఒకేసారి మారిపోతాయి, మళ్లీ పాత వెర్షన్‌తో తెరవలేం. అందుకే ప్రాజెక్ట్ మేనేజర్‌లో లైబ్రరీ వివరాలు తెరిచి ముందు బ్యాకప్ తీయండి. ముఖ్యమైన ప్రాజెక్టుల మీద రైట్ క్లిక్ చేసి, మీడియాతో సహా ప్రాజెక్ట్ ఆర్కైవ్ చేయండి. పవర్‌గ్రేడ్లు (మీరు సేవ్ చేసుకున్న రంగుల సెట్టింగులు) లైబ్రరీతో వస్తాయి, లట్ ఫైళ్ల ఫోల్డర్ మాత్రం విడిగా తీసుకోవాలి. డబ్బు కట్టి కొనే రిజాల్వ్ స్టూడియో వెర్షన్ యాక్టివేషన్ కీ ఒకేసారి రెండు కంప్యూటర్లలో పనిచేస్తుంది.

పాత కంప్యూటర్

కొత్తదాంట్లో కనీసం ఒక పూర్తి పని డెలివరీ అయి, క్లయింట్ ఓకే అనేదాకా పాతదాన్ని అమ్మకండి. అమ్మేముందు అన్ని సాఫ్ట్‌వేర్లలోంచి సైన్ అవుట్ అవ్వండి, ప్లగిన్ లైసెన్సులను కూడా డీయాక్టివేట్ చేయండి. విండోస్ రీసెట్‌లో "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకుని, క్లీన్ డ్రైవ్ ఆప్షన్ ఆన్ చేయండి. ఫుటేజ్ ఉన్న హార్డ్ డిస్క్‌ను మాత్రం ఊడదీసి మీ దగ్గరే ఉంచుకోండి, అందులో ఉన్నవి వేరేవాళ్ల ఇంటి వేడుకలు.