హెల్మెట్ ఎప్పుడు మార్చాలి?
రోజూ వాడే హెల్మెట్ అయితే 5 ఏళ్లకి మార్చేయండి, హెల్మెట్లని పరీక్షించే అమెరికా సంస్థ స్నెల్ ఫౌండేషన్ వాళ్లు చెప్పేది కూడా ఇదే. ఎప్పుడు కొన్నామో గుర్తులేకపోతే లోపల స్టిక్కర్ మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయేమో చూడండి.

కానీ బండి మీంచి పడి తలకి దెబ్బ తగిలితే మాత్రం ఏళ్లు లెక్కపెట్టొద్దు, నిన్న కొన్న హెల్మెట్ అయినా సరే మార్చేయండి, ఎందుకంటే లోపలుండే థర్మోకోల్ లాంటి పొర ఆ దెబ్బని తీసుకుని నలిగిపోతుంది, మళ్లీ మామూలుగా అవ్వదు, పైన చిన్న గీత తప్ప ఏమీ కనపడదు కాబట్టి బానే ఉందిలే అనుకుంటాం, అక్కడే ప్రమాదం.

బెల్టు బిగించి తల అటూ ఇటూ తిప్పండి, హెల్మెట్ తలతో పాటు తిరగకపోతే లోపలి ప్యాడింగ్ అణిగిపోయినట్టే. పెట్రోల్, థిన్నర్‌తో తుడవకండి, ఆ థర్మోకోల్ లాంటి పొర కరిగిపోతుంది, సబ్బు నీళ్లు చాలు. దెబ్బతిన్నది ఎవరికీ ఇవ్వకండి ప్లీజ్, బెల్టు కత్తిరించి పడేయండి.