నేచురల్ రెడ్ వైన్ బాగాలేదా? సింకులో పోసే ముందు ఇవి చూడండి

ద్రాక్ష మీద సహజంగా ఉండే ఈస్ట్‌తోనే పులిసి, వడపోత లేకుండా, పాడవకుండా కాపాడే సల్ఫైట్ అసలు కలపకుండానో కొద్దిగా కలిపో సీసాకెక్కేది నేచురల్ వైన్. ఫ్రాన్సులో 2020లో వచ్చిన ‘వాన్ మెథోడ్ నాత్యూర్’ గుర్తింపు కావాలంటే సల్ఫైట్ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. మామూలు డ్రై (తీపి లేని) రెడ్‌కి యూరప్‌లో పరిమితి 150. సల్ఫైట్ తక్కువ కాబట్టి వేడి, గాలి దీన్ని తొందరగా పట్టుకుంటాయి. అలాగని బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్‌లో మూత తీయగానే తేడాగా అనిపించిన ప్రతి సీసా పాడైపోయినట్టు కాదు. చాలావాటిని పదిహేను నిమిషాల్లో దారికి తెచ్చుకోవచ్చు.

ఘాటు ముక్కుకు కొడుతోంది, గొంతు మండుతోంది

ఎక్కువ మందికి ఎదురయ్యేది ఇదే. కారణం వైన్ కాదు, వేడి. రెడ్‌ని రూమ్ టెంపరేచర్‌లో తాగాలన్న మాట చలిదేశాల ఇళ్లలో పుట్టింది. ఏప్రిల్‌లో బెంగళూరు వంటింట్లో 30 డిగ్రీలు ఉంటే ఆ మాట ఇక్కడ చెల్లదు. వేడెక్కిన వైన్‌లో ఆల్కహాల్ ముందుకొచ్చి పండు రుచిని మింగేస్తుంది.

తేలికపాటి రెడ్‌ని 12 నుంచి 14 డిగ్రీల మధ్య తాగాలి. బకెట్లో సగం ఐసు, సగం నీళ్లు పోసి సీసాను మెడ దాకా ముంచితే పావుగంట చాలు. ఉత్త ఐసు ముక్కల్లో పెడితే ఆలస్యమవుతుంది, నీళ్లుంటేనే చల్లదనం సీసా అంతా పడుతుంది. ఫ్రిజ్‌లో అయితే గంటన్నర, రెండు గంటలు. గ్లాసులో కొంచెం కొంచెంగా పోసుకుని, మిగతాది మళ్లీ చల్లగానే పెట్టండి.

చల్లబరిచినా మంట తగ్గకపోతే పక్కనున్న కంచం చూడండి. మన కారానికి ఆల్కహాల్ తోడైతే మంట పెరుగుతుంది, వగరు ఎక్కువున్న వైన్ దాన్ని ఇంకా గరుకు చేస్తుంది. నాటుకోడి పులుసుతో తాగాలనుకుంటే లేబుల్ మీద ఆల్కహాల్ 11 నుంచి 12.5 శాతం ఉన్న గామే, సిన్సో లాంటి వగరు తక్కువ ద్రాక్ష రకాలవి తీసుకోండి. గోంగూర మటన్‌కి వైన్‌లోనూ పులుపు ఉండాలి, లేకపోతే చప్పగా తేలిపోతుంది. అక్కడ గామే గానీ, పులుపెక్కువ ద్రాక్ష రకమైన బార్బెరా గానీ నిలబడతాయి. ఆవకాయకి మాత్రం ఏ వైన్నీ జత చేయకండి. దాన్ని చివర్లో పెరుగన్నానికి ఉంచుకోండి.

నాలుక మీద చిరుబుడగలు

పులిసేటప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కొంచెం మిగిలింది. సల్ఫైట్ తక్కువ వాడే చోట గాలి నుంచి కాపాడుతుందని కావాలనే వదిలేస్తారు కూడా. జగ్గులోకో స్టీలు చెంబులోకో ఎత్తు నుంచి పోసి గట్టిగా తిప్పితే పోతుంది. మూత తీయగానే నురగ పొంగిపొర్లితే మాత్రం సీసాలో మళ్లీ పులిసిందని అర్థం. అలాంటిది మళ్లీ ఎదురైతే బాగా చల్లబరిచి, సింకు దగ్గర నెమ్మదిగా తెరవండి.

కుళ్లిన గుడ్డు, కాల్చిన అగ్గిపుల్ల వాసన

గాలి తగలక గంధకపు వాసనలు చేరాయి. జగ్గులో పోసి అరగంట వదిలేయండి. ఇంకా ఉంటే శుభ్రంగా తోమిన రాగి చెంచాతో కొన్ని సెకన్లు తిప్పండి, రాగి ఆ గంధకాన్ని పట్టేస్తుంది. రాగి చెంబులో పోసి ఉంచడం మాత్రం వద్దు. వైన్ పుల్లటిది, రాగి అందులోకి దిగుతుంది.

అడుగున మడ్డి

వడకట్టలేదంతే. ఒక రోజు నిలబెట్టి, నిదానంగా వంచుకోండి.

పశువుల కొట్టం వాసన

ఇది బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ పని. గాలి తగిలినా పోదు. లీలగా ఉంటే మటన్‌తో నాకు ఇష్టమే. పండు వాసన పూర్తిగా మునిగిపోతే ఆ సీసా మీద ఆశ వదులుకోవాలి.

వెనిగర్, నెయిల్ పాలిష్ వాసన

బాక్టీరియా ఆల్కహాల్‌ని ఎసిటిక్ ఆసిడ్‌గా మార్చేసింది. దీనికి విరుగుడు లేదు. వెనిగర్ వాసన మాత్రమే ఉంటే మాంసం నానబెట్టడానికి వాడుకోవచ్చు, నెయిల్ పాలిష్ కొడితే పారబోయండి. తెరిచిన సీసా ఇలా కాకూడదంటే మిగిలిన వైన్‌ని చిన్న సీసాలో మెడ దాకా నింపి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో ముగించండి.

మింగాక కొన్ని సెకన్లకు ఎలుకల బోను రుచి

ఇది చాలామందిని తికమక పెడుతుంది, ఎందుకంటే గ్లాసులో వాసన చూస్తే ఏమీ తెలియదు. వైన్ పులుపులో ఆ పదార్థాలు ఎగరవు. నోట్లో లాలాజలం కలిసి పులుపు తగ్గాకే బయటపడతాయి. ఒక చుక్క ముంజేతి మీద రుద్ది వాసన చూడండి, అక్కడ దొరుకుతుంది. ఇందుకు కారణమయ్యే పదార్థాల్లో ఒకటి బాస్మతి బియ్యానికి ఆ సువాసన ఇచ్చేదే. వైన్‌లో మాత్రం అది తప్పే. దీన్ని సరిచేసే ఉపాయం లేదు. కొందరికి ఈ రుచి అసలు తెలియదు కాబట్టి, మీకు నచ్చని సీసా పక్కవారికి బాగానే అనిపించవచ్చు.

ధర చూస్తే గుండె గుభేల్‌మంటోంది

దిగుమతి వైన్ మీద కస్టమ్స్ సుంకం ఏళ్ల తరబడి 150 శాతం ఉంటూ వచ్చింది, దాని మీద రాష్ట్ర ఎక్సైజ్ అదనం. ఫ్రాన్సులో చవకగా దొరికే తేలికపాటి రెడ్ బోజొలే ఇక్కడికొచ్చేసరికి పండగ సీసా అవుతుంది. రోజువారీకి నేచురల్ అన్న పంతం పక్కన పెట్టి, మన దేశపు తేలికపాటి రెడ్ చల్లబరిచి తాగండి. నంది కొండల దిగువన, దొడ్డబళ్లాపుర వైపే ద్రాక్ష తోటలున్నాయి. దిగుమతి సీసా కొనేటప్పుడు మాత్రం కిటికీ పక్క అరలో ఎండ తగిలినది, కార్కు పైకి పొంగినది, మెడ దగ్గర వైన్ కారిన మరక ఉన్నది వద్దనండి. ఏసీ గదిలో పడుకోబెట్టిన సీసా అడిగి తీసుకోండి.