కాలమ్‌లో అతికించిన యాంటీబాడీ టార్గెట్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో కొలవడం ఎలా

దీనికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఫ్రంటల్ ఎనాలిసిస్. కొంచెం ఇంజెక్ట్ చేసి పీక్ చూడటం కాదు, ఒకే కాన్సంట్రేషన్ ఉన్న టార్గెట్ సొల్యూషన్‌ని కాలమ్ (యాంటీబాడీ అతికించిన బీడ్స్, అంటే చిన్న పూసలు, నింపిన గొట్టం) నిండి బయటికి వచ్చేదాకా పంపుతూనే ఉండాలి. టార్గెట్‌గా వరిలో కలుపుకి కొట్టే 2,4-డి, దాన్ని పట్టుకునే మోనోక్లోనల్ (అన్నీ ఒకే రకంగా ఉండే) యాంటీబాడీ తీసుకున్నాం అనుకోండి.

బీడ్స్‌కి అమైన్ కప్లింగ్‌తో (యాంటీబాడీ మీది అమైన్ గ్రూపుల ద్వారా) అతికించేటప్పుడు బఫర్‌లో ట్రిస్, గ్లైసిన్ అస్సలు ఉండకూడదు, వాటిలోనూ అమైన్ ఉంది కాబట్టి యాంటీబాడీ కంటే ముందు అవే వెళ్ళి అతుక్కుంటాయి, కాబట్టి యాంటీబాడీని ముందే పీబీఎస్‌లోకి (ఫాస్ఫేట్ ఉప్పు బఫర్) డయాలిసిస్ చేసుకోండి. అతికించడం అయ్యాక మాత్రం మిగిలిన సైట్లని ట్రిస్‌తోనే మూసేయాలి. ఇదే పనంతా యాంటీబాడీ లేకుండా ఇంకో కాలమ్‌కి కూడా చెయ్యండి. ఈ కంట్రోల్ కాలమ్ లేకుండా వచ్చిన నంబర్‌ని నేనైతే నమ్మను, ఎందుకంటే టార్గెట్ ఉత్త బీడ్స్‌కి కూడా ఎంతో కొంత అంటుకుంటుంది, అదంతా యాంటీబాడీ ఖాతాలో పడిపోతుంది.

లెక్క తేలికే. 1 మైక్రోమోలార్ సొల్యూషన్ నిమిషానికి 0.1 ఎంఎల్ చొప్పున పంపితే కంట్రోల్ కంటే 5 నిమిషాలు ఆలస్యంగా కర్వ్ (బయటికి వచ్చే టార్గెట్ కాన్సంట్రేషన్ గ్రాఫ్) మధ్య భాగం వచ్చింది అనుకుందాం, అంటే 0.5 ఎంఎల్, అంటే యాంటీబాడీ పట్టుకున్నది 0.5 నానోమోల్. ఇలా కేడీకి (సగం సైట్లు నిండే కాన్సంట్రేషన్, ఇది ఎంత తక్కువైతే పట్టు అంత గట్టి) అటూ ఇటూ ఉండే ఐదారు కాన్సంట్రేషన్లతో చేసి, పట్టుకున్న మోల్స్‌ని తిరగేసి (1ని దానితో భాగించి) వై మీద, కాన్సంట్రేషన్‌ని తిరగేసి ఎక్స్ మీద గీయండి. స్లోప్‌ని ఇంటర్‌సెప్ట్‌తో భాగిస్తే కేడీ, ఇంటర్‌సెప్ట్‌ని తిరగేస్తే మొత్తం పనిచేసే సైట్లు. కాలమ్‌లో 150 మైక్రోగ్రాముల ఐజీజీ (మామూలుగా వాడే యాంటీబాడీ రకం) ఉంటే అది దాదాపు 1 నానోమోల్, ఒక్కోదానికి టార్గెట్‌ని పట్టే చేతులు రెండు కాబట్టి 2 నానోమోల్ రావాలి, 1 మాత్రమే వస్తే సగం సైట్లు పనిచేయట్లేదన్నమాట. గీత వంగితే అన్ని సైట్లు ఒకేలా లేవని అనుమానించాలి, అప్పుడు ఎఫ్‌సీ భాగంలోని (యాంటీబాడీ తోక, టార్గెట్‌ని పట్టనిది) షుగర్‌ని పీరియడేట్‌తో ఆక్సిడైజ్ చేసి హైడ్రజైడ్ బీడ్స్‌కి అతికించి చూడండి, పట్టుకునే చేతులు ఎక్కువ శాతం ఖాళీగా ఉంటాయి.

ఫ్లో రేట్ సగం చేసి మళ్ళీ చూడటం మర్చిపోవద్దు. పట్టుకున్న మోల్స్ మారితే ఈక్విలిబ్రియం (అతుక్కోవడం, విడిపోవడం సమానమయ్యే స్థితి) ఇంకా రాలేదు, ఆ డేటా వాడకండి. మరీ గట్టిగా పట్టే యాంటీబాడీ అయితే సహనం కావాలి, పైన చెప్పిన 0.5 నానోమోల్ నింపడానికి 1 నానోమోలార్ సొల్యూషన్ పంపితే అదే ఫ్లోలో 5000 నిమిషాలు, కాబట్టి కాలమ్ చిన్నది చేసుకోండి.

ప్రతి రన్ తర్వాత పీహెచ్ 2.5 బఫర్‌తో కడిగి, వెంటనే పీబీఎస్‌కి తిప్పేయండి. ఆఖర్లో మొదటి కాన్సంట్రేషన్ ఇంకోసారి పంపండి, ఈసారి కర్వ్ ముందే వచ్చేస్తే యాంటీబాడీ పాడైనట్టే, కొత్త కాలమ్ వేసుకోవాలి.