గ్రామసభలో మీ మాట నమోదయ్యేలా చూసుకోవడం ఎలా?

1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగ హోదా కల్పించింది. పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ, ఏ ఎన్నికతోనూ పని లేకుండానే, అందులో సభ్యులు. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఈ సభ రెండు నెలలకు ఒకసారైనా జరగాలి. కాబట్టి ముందుగా పంచాయతీ కార్యదర్శిని కలిసి తేదీ, ఎజెండా తెలుసుకోండి. దండోరా వినబడలేదని తరువాత అనుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

మురుగుకాల్వ, వీధిదీపం, తాగునీరు వంటి వాటిలో ఒక్క సమస్యనే ఎంచుకొని, అది ఏ వీధిలో, ఎన్ని ఇళ్లకు, ఎప్పటి నుంచి ఉందో రాసి, ఇరుగుపొరుగు వారి సంతకాలతో అర్జీగా ఇచ్చి, నకలుపై అందినట్లు సంతకం, తేదీ వేయించుకోండి. సభలో ఎంత గట్టిగా అడిగినా, తీర్మానాల పుస్తకంలోకి ఎక్కని మాట గాలికి పోయినట్లే. అందువల్ల మీ అంశం ఏ మాటలతో నమోదైందో చదివించుకొన్న తరువాతే సంతకం చేయాలి. ఖాళీ పుటపై ముందే సంతకాలు అడిగితే మొహమాటపడకుండా నిరాకరించండి. మహిళలు వెనుక వరుసలో మౌనంగా కూర్చోవడం చాలా ఊళ్లలో చూస్తాం. నీటి కష్టం ఎక్కువగా మోసేది వారే కనుక ఆ అర్జీని వారి చేతనే చదివించడం మేలు.

తరువాత పని కదలకపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద తీర్మానం నకలును, ఖర్చు వివరాలను కోరండి. సాధారణంగా 30 రోజుల్లోగా సమాధానం ఇవ్వాలి.