అమెరికాలో 203కె లోన్‌తో పాత ఇల్లు కొంటున్నారా? ఆఫర్ పెట్టే ముందు జాగ్రత్తలు

వసంతం వస్తోంది, ఇళ్ల వేట మొదలవుతుంది. పాత ఇల్లు కొని, కొనుగోలుకూ రిపేర్లకూ కలిపి ఒకే ఎఫ్‌హెచ్‌ఏ (ఇంటి లోన్లకు బీమా ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) 203కె లోన్ తీసుకోవాలనుకునే మనవాళ్లు ఇవి చూసుకోండి.

• ముందు వీసా. 2025 మే 25 నుంచి హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకు కొత్తగా ఎఫ్‌హెచ్‌ఏ లోన్ లేదు. అడ్వాన్సు కట్టాక ఈ సంగతి తెలిస్తే ఆ డబ్బుకే ఎసరు. రిపేర్లకూ కలిపి ఇచ్చే మరో రకం, ఫానీ మే హోమ్‌స్టైల్ లోన్ కుదురుతుందేమో లెండర్‌ని అడగండి.

• బాగుచేసి వెంటనే అమ్మేద్దామంటే కుదరదు. కనీసం ఏడాది మీరే అందులో కాపురముండాలి. నాలుగు పోర్షన్ల ఇల్లయితే మాత్రం ఒకదాంట్లో ఉండి మిగతావి అద్దెకిచ్చుకోవచ్చు.

• పునాది, బరువు మోసే గోడలు ముట్టుకోవాలా? 203కెలో లిమిటెడ్, స్టాండర్డ్ అని రెండు రకాలు; ఈ పనులకు లిమిటెడ్ పనికిరాదు. దాంట్లో రిపేర్ల పరిమితి కూడా 75,000 డాలర్లే. స్టాండర్డ్‌కయితే రిపేర్లను అంచనా వేసే హడ్ (అమెరికా గృహనిర్మాణ శాఖ) కన్సల్టెంట్ ఫీజు కలుపుకోండి.

• కాంట్రాక్టర్ చేతిలో డబ్బు ఆడుతోందా? స్టాండర్డ్‌లో రిపేర్ల సొమ్ము ఎస్క్రోలో (లెండర్ విడిగా పట్టి ఉంచే ఖాతాలో) ఉంటుంది. పని అయ్యాక, తనిఖీ తర్వాతే విడతగా వస్తుంది, అందులోనూ 10 శాతం ఆపుతారు. "బిల్లు నెల లేటైతే కూలీలకు ఎలా ఇస్తారు?" అని మొహమాటం లేకుండా అడగండి. చౌక కొటేషన్ కంటే ఈ జవాబే ముఖ్యం. నీళ్లు నమిలితే ఇంకొకరిని చూసుకోండి.

• డౌన్‌పేమెంట్ 3.5 శాతమే కదా అని సంబరపడకండి. 10 శాతం కంటే తక్కువ కడితే మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ (లెండర్‌కు నష్టం రాకుండా మీరు కట్టే బీమా) లోన్ తీరేదాకా వదలదు.

• స్విమ్మింగ్ పూల్ కట్టించాలంటే ఈ డబ్బు రాదు.