ఇన్‌స్టాల్ చివర్లో ‘అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్’: ఆ పార్టిషన్‌ని ఫార్మాట్ చేసిందెవరు?

సమస్య

పెన్‌డ్రైవ్‌తో ఉబుంటు లినక్స్ ఇన్‌స్టాల్ చేస్తున్నారు. ఫైళ్లన్నీ కాపీ అయ్యాయి, ప్రోగ్రెస్ బార్ దాదాపు చివరికొచ్చింది, టీ తాగొద్దామని లేచారు. తిరిగొచ్చేసరికి స్క్రీన్ మీద ఒక పెట్టె: ‘ఎగ్జిక్యూటింగ్ గ్రబ్-ఇన్‌స్టాల్ ఫెయిల్డ్. దిస్ ఈజ్ ఎ ఫేటల్ ఎర్రర్.’ గ్రబ్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే లినక్స్‌ని లేపే బూట్‌లోడర్. దాని ఇన్‌స్టాల్ ఎందుకు ఫెయిలయిందో మాత్రం ఆ పెట్టె చెప్పదు. చాలామంది ఇక్కడే రీస్టార్ట్ కొట్టి మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు. తర్వాత పెన్‌డ్రైవ్ మారుస్తారు, ఐఎస్ఓ మళ్లీ డౌన్‌లోడ్ చేస్తారు, చివరికి ఎస్ఎస్‌డీ పోయిందని తేల్చేస్తారు.

రీస్టార్ట్ చేయకండి. లైవ్ సెషన్, అంటే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్, ఇంకా నడుస్తూనే ఉంటుంది. టెర్మినల్ తెరిచి సిస్‌లాగ్ (సిస్టమ్ చేసిన పనుల చిట్టా) ఫైల్ చివరి యాభై వరసలు చదవండి. అందులో ‘గ్రబ్-ఇన్‌స్టాల్: ఎర్రర్: అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్’ అని ఉంటేనే కింద రాసిందంతా మీకు పనికొస్తుంది. బయాస్ బూట్ పార్టిషన్ లేదని ఉంటే అది వేరే గొడవ: జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక) డిస్క్ మీద పాత బయాస్ బూట్ పద్ధతిలో ఇన్‌స్టాల్ చేస్తున్నారు, 1 ఎంబీ పార్టిషన్ ఒకటి దానికోసం వదిలిపెట్టాలి. వదలండి, అయిపోతుంది.

ముందు ఇది చూడండి

పార్టిషన్లు ఎంచుకునే పేజీలో రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఫైళ్లు ఉండేది) ఎదురుగా ‘ఫార్మాట్’ అనే గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టారా?

ఈ ప్రశ్న అడిగి అడిగి విసుగొచ్చింది. ప్రతిసారీ వచ్చే జవాబు ఒకటే: “ముందే ఫార్మాట్ చేసి పెట్టాను కదన్నా, మళ్లీ ఎందుకు?” దేంతో చేశావు అని అడిగితే, ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఉన్న కొత్త ఆర్చ్ (ఇంకో లినక్స్) లైవ్‌తోనో, పక్కవాడి ల్యాప్‌టాప్‌లోని కొత్త లినక్స్‌తోనో అంటారు. సమస్య అక్కడే ఉంది.

కారణం

నేను దీనికి ఒక ఆదివారం మొత్తం ధారపోశాను. ఒక ఇంజనీరింగ్ కుర్రాడి రోబోటిక్స్ ప్రాజెక్టుకి ఆర్ఓఎస్ నోయెటిక్ అనే రోబోల సాఫ్ట్‌వేర్ కావాలి. అది ఉబుంటు 20.04 మీద నడిచేది, కాబట్టి పాతదే వేయాలి. డిస్క్‌లో పాత చెత్తంతా ఉందని ఆర్చ్ లైవ్‌లో బూట్ చేసి, పార్టిషన్లు శుభ్రంగా చేసి, ఎక్స్‌ట్4 (లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్)గా ఫార్మాట్ చేశాను. తర్వాత 20.04 పెన్‌డ్రైవ్ పెట్టి, ఫార్మాట్ గడి ఖాళీగా వదిలేసి, ముందుకెళ్లాను. మధ్యలో ఫైల్‌సిస్టమ్ తనిఖీలో ఏదో తేడా ఉందని హెచ్చరిక వచ్చింది. చదవకుండా కంటిన్యూ నొక్కాను. మూడుసార్లు ఇన్‌స్టాల్ చేశాను, మూడుసార్లూ చివర్లోనే ఆగింది. ఫైళ్లు చూస్తే అన్నీ ఉన్నాయి, పార్టిషన్ మౌంట్ అవుతోంది, రాయనిస్తోంది. అలాంటప్పుడు ‘ఫైల్‌సిస్టమ్ తెలియదు’ అంటే ఎవరు నమ్ముతారు?

తెలియనిది ఉబుంటుకి కాదు, గ్రబ్‌కి. గ్రబ్ లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ని అడిగి ఫైళ్లు చదవదు. కంప్యూటర్ లేచేటప్పటికి కెర్నెల్ ఇంకా రాలేదు కదా, అందుకని ఎక్స్‌ట్4, ఎక్స్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ లాంటి ఫైల్‌సిస్టమ్‌లు చదవడానికి సొంత కోడ్ పెట్టుకుంది. కాబట్టి కెర్నెల్‌కి అర్థమైన పార్టిషన్ గ్రబ్‌కి అర్థం కాకపోవచ్చు. కాపీ అంతా కెర్నెల్ పని, అది సాఫీగా జరిగిపోతుంది. ఆఖరున గ్రబ్ వంతు వచ్చేసరికి బండి ఆగుతుంది.

మరి ఎక్స్‌ట్4 అంటే ఎక్స్‌ట్4యే కదా? కాదు. ఆవకాయ అని అందరూ అంటారు, ఒకరింట్లో వెల్లుల్లి వేస్తారు, ఇంకొకరింట్లో వేయరు. వెల్లుల్లి ముట్టనివాడికి జాడీ మీద పేరు చూపించి లాభం లేదు.

ఎక్స్‌ట్4 సూపర్‌బ్లాక్‌లో, అంటే ఫైల్‌సిస్టమ్ తన వివరాలు రాసుకునే చోట, ఫీచర్ల జాబితా ఉంటుంది. అవి మూడు రకాలు: తెలియకపోయినా పట్టించుకోనక్కర్లేనివి, తెలియకపోతే చదవొచ్చు గానీ రాయకూడనివి, తెలియకపోతే అసలు ముట్టుకోకూడనివి. ఫార్మాట్ చేసే పనిముట్ల ప్యాకేజీ ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ 1.47.0 వెర్షన్ 2023 ఫిబ్రవరిలో వచ్చింది. అప్పటినుంచి రెండు ఫీచర్లు డిఫాల్ట్‌గా ఆన్ అయ్యాయి: మెటాడేటా-చెక్‌సమ్-సీడ్ (metadata_csum_seed), ఆర్ఫన్-ఫైల్ (orphan_file). మొదటిది మూడో రకం. గ్రబ్ 2.06, అంతకుముందు వెర్షన్లకు అది తెలియదు, చూడగానే ‘ఇది నాకు తెలిసిన ఫైల్‌సిస్టమ్ కాదు’ అనేస్తాయి. 2.12లో సరిచేశారు, కొన్ని డిస్ట్రోలు (లినక్స్ రకాలు) ఆ ప్యాచ్‌ని పాత వెర్షన్లలోకి కూడా తెచ్చుకున్నాయి. ఉబుంటు 20.04లో ఉన్నది 2.04. ఇంకో చిత్రం ఏమిటంటే, డేటా చెడిందేమో పట్టిచ్చే ఆ చెక్‌సమ్ అంకెలను గ్రబ్ ఎలాగూ సరిచూడదు. ఆ ప్యాచ్ చేసిందల్లా ‘ఈ ఫీచర్ కనిపిస్తే వదిలెయ్’ అని చెప్పడమే. దానికోసం నా ఆదివారం పోయింది.

నిర్ధారణకి గ్రబ్-ప్రోబ్ అనే కమాండ్‌ని టార్గెట్ ఎఫ్ఎస్ అని పెట్టి ఆ పార్టిషన్ మీద నడపండి. బాగుంటే ‘ఎక్స్‌ట్2’ అంటుంది. కంగారు పడొద్దు, గ్రబ్ భాషలో ఎక్స్‌ట్4 పేరు కూడా అదే. అన్‌నోన్ అంటే మాత్రం కొత్త లైవ్‌లో డంప్ఈ2ఎఫ్ఎస్ కమాండ్ నడిపి ఫీచర్ల వరస చూడండి, పైన చెప్పిన పేర్లు కనిపిస్తాయి.

పరిష్కారం

ఇన్‌స్టాల్ పూర్తికాకుండా ఆగిపోతే రెండో ఆలోచన వద్దు. మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ఫార్మాట్ గడిలో టిక్ పెట్టండి. ఆ ఇన్‌స్టాలర్ తన పాత పనిముట్టుతో తన గ్రబ్‌కి అర్థమయ్యేలా ఫార్మాట్ చేసుకుంటుంది. ఆ పార్టిషన్‌లో మీది ఏమీ లేదు కాబట్టి పోయేదీ లేదు. బూట్‌లోడర్ లేకుండా కొనసాగించు అని ఇన్‌స్టాలర్ ఇచ్చే ఆప్షన్ తీసుకుని తర్వాత అతుకులు వేసేవాళ్లున్నారు. నేనైతే వేయను.

ఫార్మాట్ చేయలేని పరిస్థితి, అంటే లోపల డేటా ఉంటే, ఫీచర్‌ని తీసేయొచ్చు. ఇక్కడ నేను రెండోసారి దెబ్బతిన్నాను: ఆ పని పాత లైవ్‌తో చేయబోయాను. పాత ట్యూన్2ఎఫ్ఎస్‌కి (ఫీచర్లు మార్చే కమాండ్) ఆర్ఫన్-ఫైల్ తెలియదు, దాన్ని తీయనే తీయదు. ఏ కొత్త లైవ్‌తో ఫార్మాట్ చేశారో దాంతోనే బూట్ చేయండి. పార్టిషన్ మౌంట్ అయి ఉండకూడదు. ముందు తనిఖీ కమాండ్ ఈ2ఎఫ్ఎస్‌సీకేని బలవంతంగా నడిపి, తర్వాత ట్యూన్2ఎఫ్ఎస్‌కి పెద్ద ఓ ఆప్షన్ ఇచ్చి, ^ గుర్తు వెంటనే ఫీచర్ పేరు రాయండి. రెండు ఫీచర్లనూ తీసేయండి, మళ్లీ ఒకసారి ఈ2ఎఫ్ఎస్‌సీకే నడపండి. ఆర్చ్ లైవ్‌లో షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్) జెడ్ఎస్‌హెచ్, ^ గుర్తుని అది తన సొంతానికి వాడుకుంటుంది, అందుకని ఆ ముక్కని కోట్స్ మధ్య పెట్టండి. ఆ తర్వాత పాత సిస్టమ్‌లోకి సీహెచ్‌రూట్ అయి (లైవ్ నుంచే దాని లోపలికి వెళ్లి) గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ నడపండి. బయాస్ బదులు కొత్త యూఈఎఫ్ఐ పద్ధతి అయితే ఈఎఫ్ఐ పార్టిషన్‌ని మౌంట్ చేయడం మర్చిపోవద్దు.

రూట్‌ని టిక్ పెట్టి ఫార్మాట్ చేసి, హోమ్ పార్టిషన్‌ని (మీ సొంత ఫైళ్లుండేది) మాత్రం కొత్త లైవ్ చేసినట్టే వదిలేస్తే? గ్రబ్ ఏమీ అనదు, దానికి బూట్ ఫోల్డర్ చాలు. కానీ బూట్ అయ్యేటప్పుడు పాత తనిఖీ పనిముట్టు ‘ఫీచర్ సీ12’ అనే వింత పేరు చెప్పి, నాకంటే కొత్త వెర్షన్ తెచ్చుకో అని ఎమర్జెన్సీ మోడ్‌లోకి తోసేస్తుంది. సీ12 అంటే ఆర్ఫన్-ఫైలే. 22.04లో కూడా ఇది చూశాను. హోమ్ మీద కూడా దాన్ని తీసేయండి.

అరుదుగా

ఎక్స్ఎఫ్ఎస్‌లోనూ ఇదే కథ: దాని పనిముట్ల ప్యాకేజీ ఎక్స్ఎఫ్ఎస్‌ప్రోగ్స్ 6.5 నుంచి ఎన్ఆర్‌ఎక్స్‌ట్64 అనే ఫీచర్ డిఫాల్ట్, పాత గ్రబ్‌కి అది పడదు. దాన్ని తర్వాత తీసేయడం కుదరదు, మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే. బూట్ ఫోల్డర్ లక్స్2 ఎన్‌క్రిప్షన్ లోపల ఉంటే విడిగా బూట్ పార్టిషన్ పెట్టుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక ఎన్నాళ్లకో ‘గ్రబ్ రెస్క్యూ’ అనే తెర వచ్చిందంటే పార్టిషన్లు ఎవరో కదిపి ఉండొచ్చు. అక్కడ విండోస్ పార్టిషన్ ఎదురుగా కూడా అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్ అని కనిపిస్తుంది, ఆ దశలో గ్రబ్ దగ్గర విండోస్ ఫైల్‌సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్‌ని చదివే మాడ్యూల్ ఉండదు, అంతే. డేటా పోయిందని టెన్షన్ పడి విండోస్‌ని మళ్లీ వేయకండి.