జియాలజీలో చేరే ముందు వేసుకోవాల్సిన లెక్క

జియాలజీ చదువు ఖరీదైంది కాదు. చదువయ్యాక ఒక్క పరీక్ష కోసం కూర్చునే ఏళ్లే ఖరీదు. ఫీజు తక్కువని చేరేవాళ్లూ, జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ) ఉద్యోగం మీద ఆశతో చేరేవాళ్లూ ఈ రెండో ఖర్చును లెక్కలోకి తీసుకోరు.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఎమ్మెస్సీ దాకా వెళ్తారా? బీఎస్సీతో ఆగేట్టయితే ఈ సబ్జెక్టు జోలికి పోకపోవడమే మంచిది. జీఎస్‌ఐలో జియాలజిస్టు కావాలన్నా, కేంద్ర భూగర్భజల బోర్డులో హైడ్రోజియాలజిస్టు కావాలన్నా పీజీ తప్పనిసరి. ఆ పీజీ పేరు కూడా ముఖ్యమే. జియాలజీ, అప్లైడ్ జియాలజీ, మినరల్ ఎక్స్‌ప్లొరేషన్ లాంటివి యూపీఎస్సీ నోటిఫికేషన్‌లోని జాబితాలో ఉంటాయి. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పట్టాతో జియాలజిస్టు పోస్టుకు దరఖాస్తు చేయలేరు. సీటు తీసుకునే ముందే నోటిఫికేషన్ తెరిచి, పట్టా మీద పడబోయే పేరుతో సరిచూసుకోండి.

ఇక డబ్బు. కింది అంకెలు ఉదాహరణకు మాత్రమే; మీ కాలేజీ అంకెలు పెట్టి మళ్లీ వేసుకోండి.

రెండేళ్ల ఎమ్మెస్సీకి ఫీజు ఏడాదికి 30,000 చొప్పున 60,000. హాస్టల్, మెస్ నెలకు 6,000 చొప్పున 20 నెలలకు 1,20,000. ఫీల్డ్ టూర్లు, సుత్తి, హ్యాండ్ లెన్స్, బూట్లు, పుస్తకాలకు 40,000. మొత్తం 2,20,000. ఈ రెండేళ్లూ నెలకు 15,000 వచ్చే పని వదులుకున్నారనుకుంటే మరో 3,60,000. అంటే 5,80,000.

ఆ తర్వాత హైదరాబాద్‌లో గది తీసుకుని రెండేళ్లు ప్రిపేరైతే గదికీ తిండికీ నెలకు 10,000 చొప్పున 2,40,000. ఎమ్మెస్సీతో నెలకు 20,000 వచ్చే ఉద్యోగం మానుకున్నందుకు 4,80,000. మొత్తం 7,20,000. డిగ్రీ కంటే ఎదురుచూపుకే ఎక్కువైంది.

దానికి ప్రతిఫలం? జీఎస్‌ఐ జియాలజిస్టుకు కేంద్ర వేతన పట్టికలో లెవెల్ 10, మూలవేతనం 56,100 నుంచి మొదలు. డీఏ, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఒక్కసారి వస్తే పెట్టిందంతా త్వరగానే తిరిగొస్తుంది. చిక్కల్లా ఖాళీలతోనే. ఈ ఉద్యోగాలకు యూపీఎస్సీ పెట్టే జియో సైంటిస్టు పరీక్షకు 2023లో అన్ని విభాగాలూ కలిపి 285 పోస్టులు వస్తే, 2024లో 56 మాత్రమే. పరీక్షలో ప్రిలిమ్స్ 400, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200 మార్కులు. మెయిన్స్‌లో వ్యాసాలు, బొమ్మలు, క్రాస్ సెక్షన్లు (నేల పొరల నిలువుకోత పటాలు) చేత్తో వేయాలి. గేట్, జామ్ లాంటి ప్రవేశ పరీక్షల కోసం బిట్లు చేసి అలవాటుపడినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. కాబట్టి రాసే అలవాటు ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే మొదలుకావాలి. వయోపరిమితి 32 ఏళ్లని అప్పటిదాకా కూర్చోకండి. రెండు ప్రయత్నాలని గీత గీసుకోండి. మూడోది ఉద్యోగం చేస్తూ రాయొచ్చు.

ఆ ఉద్యోగాలు ఎలా ఉంటాయో ముందే తెలిస్తే మంచిది. ఖనిజాన్వేషణ కంపెనీల్లో తొలి పని చాలావరకు డ్రిల్ రిగ్ పక్కన కోర్ లాగింగే, అంటే తవ్వి బయటికి తీసిన రాతి కడ్డీని (కోర్) కొలిచి, వివరాలు రాసుకోవడం. 3 మీటర్ల రన్‌లో (ఒక విడత తవ్వకంలో) 2.7 మీటర్ల కోర్ బయటికొస్తే రికవరీ 90 శాతం. అందులో 10 సెంటీమీటర్లు, ఆపైన ఉన్న ముక్కలన్నీ కలిపి 1.8 మీటర్లయితే ఆర్‌క్యూడీ (రాయి ఎంత గట్టిగా, పగుళ్లు లేకుండా ఉందో చెప్పే కొలత) 60 శాతం. డ్రిల్లింగ్ తాకిడికి విరిగినదాన్ని రాయిలోని సహజమైన పగులుగా లెక్కేస్తే ఈ అంకె పడిపోయి, మంచి రాయి కాస్తా బలహీనమైనదిగా రికార్డవుతుంది. విరుపు తాజాగా, గరుకుగా ఉండి రెండు ముక్కలూ అతికినట్టు కూర్చుంటే కలిపే కొలవాలి. ఎండలో, ఊరికి దూరంగా, నెలల తరబడి ఈ పనే. ఇది చదివి విసుగొస్తే డబ్బు లెక్క దాకా పోనక్కర్లేదు.

గనుల్లో ఉద్యోగానికి మరో విలువ ఉంది: జియాలజీ పీజీ, గనుల్లో పర్యవేక్షక హోదాలో 5 ఏళ్ల అనుభవం ఉంటే మైనింగ్ ప్లాన్లు (గని తవ్వకపు ప్రణాళికలు) తయారుచేసే అర్హత వస్తుంది.

సొంతంగా బోరు పాయింట్ల సర్వే చేద్దామనుకునేవాళ్లూ ఉంటారు. తెలంగాణ, రాయలసీమల గట్టి రాతి నేలల్లో నీరు శిథిల పొరలోనో (రాయి చివికి మెత్తబడిన పై పొర), రాతి పగుళ్లలోనో ఉంటుంది. నేలలోకి కరెంటు పంపి నిరోధాన్ని కొలిచే రెసిస్టివిటీ మీటరు శిథిల పొర మందాన్ని బాగానే పట్టిస్తుంది. లోతున ఉన్న సన్నని పగులును చాలాసార్లు పట్టదు. కరెంటు లైన్ల దగ్గర, ఇనుప కంచె పక్కన రీడింగులు చెడతాయి. పైగా పోటీ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే ఆయనతో! బోరు ఫెయిలైతే రైతు నిలదీసేది మాత్రం మీటరు తెచ్చినవాణ్ణే. దీన్ని ఎండాకాలపు అదనపు రాబడిగా చూడండి, ఏడాది పొడవునా ఇంటిని నడిపే ఆదాయంగా కాదు.

పెట్రోలియం వైపు జీతాలు ఎక్కువే గానీ చమురు ధరతోపాటే నియామకాలూ ఊగుతాయి. ఆ ఒక్క రంగాన్ని నమ్ముకుని పెద్ద అప్పు చేయొద్దు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ లాంటి చోట్లకు ఒకసారి వెళ్లి నేరుగా డిపార్ట్‌మెంట్‌లో అడగండి: సీటు రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా? ఏడాదికి ఎన్ని రోజులు ఫీల్డ్? రాళ్లను పరిశీలించే పెట్రోలజీ మైక్రోస్కోపులు ఎంతమందికి ఒకటి? గత రెండు బ్యాచ్‌లవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? చివరి ప్రశ్నకు జవాబు ఆఫీసులో కాకుండా సీనియర్ల దగ్గర తెలుసుకోండి. హైదరాబాద్‌లోనే జీఎస్‌ఐ శిక్షణ సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), అణు ఖనిజ డైరెక్టరేట్, ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ ఉన్నాయి. డిజర్టేషన్‌ను (ఎమ్మెస్సీ ప్రాజెక్టును) వీటిలో ఒకదానిలో చేసేందుకు మూడో సెమిస్టర్ మొదట్లోనే గైడ్ ద్వారా ఉత్తరం పంపించండి. ఆలస్యమైతే సీట్లు నిండిపోతాయి.